కొత్త పుస్తకాలు పంపకు

సరన్‌గెరెల్ అక్కా,

నువ్వు పంపిన బొమ్మల పుస్తకాలను ఈ కొండమీది గుడారాలన్నింటికీ మోసుకెళ్లి పంచాను. నెల తర్వాత వెళ్లి చూస్తే ఒళ్లు మండిపోయింది. ద్యుల్మా అవ్వ తన ఇంటికిచ్చిన పుస్తకాన్ని నీలి పట్టుగుడ్డలో చుట్టి, పెట్టె మీద బుద్ధుడి పక్కన పెట్టేసింది. మనవరాలు అనుంగూ కింద నిలబడి దాన్నే చూస్తోంది.

"పిల్లకివ్వవేం అవ్వా?" అన్నాను.

"దాని చేతులు చూశావా, అంతా బొగ్గు మసి! బంగారంలాంటి పుస్తకం పాడైపోదూ?" అని నన్నే కసిరింది.

ఏ గుడారంలో చూసినా ఇదే వరస. ఎవరికని చెప్పను?

మళ్లీ కొత్తవి పంపావంటే తిప్పి పంపేస్తాను. మీ పిల్లలు పిచ్చిగీతలు గీసినవి, అట్టలు ఊడినవి, టీ ఒలికినవి ఉంటాయిగా? దండం పెట్టబుద్ధి కానివి పంపక్కా, అనుంగూ చదువుకుంటుంది.

కోపంగానే,
నీ చెల్లెలు