నాయన తుపాకీకి నా సంతకం

తమ్ముడు ఓబులేసుకు,

దోహా నుంచి నీ అన్న రామాంజి దీవించి రాసేది. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? మరదలు, పిల్లలు బాగున్నారా? శనక్కాయకు వాన పడిందా? నేను బాగున్నాను. వేళకు తింటున్నాను, అమ్మకు ఆ మాట గట్టిగా చెప్పు. ఎండకు స్టీరింగు ముట్టుకోలేకపోతున్నాను. ఈ అల్ అజీజియా పేటలో పలకరించే మనిషి లేక కారుతోనే తెలుగు మాట్లాడుతున్నాను.

నువ్వు పంపిన కాగితం అందింది. చనిపోయిన నాయన తుపాకీ లైసెన్సు నీ పేరుకు మారాలంటే, నాకు అభ్యంతరం లేదని సంతకం పెట్టాలన్నావు. ఎన్నికలప్పుడు పోలీస్ స్టేషన్లో అప్పగించిన తుపాకీ అక్కడే ఉండిపోయిందని, ఊళ్ళో తలెత్తుకోలేకపోతున్నానని రాశావు. తుపాకీ లేకపోతే ఎత్తలేని తల ఉంటే ఎంత, లేకుంటే ఎంత.

ఇక్కడా ఇదే జబ్బు. శుక్రవారం మా యజమానిని అల్ ఖోర్ అవతల ఉన్న వాళ్ళ తోటకు తీసుకెళ్తాను. అక్కడ ఉండే ఆయన తండ్రి, గోడమీది తుపాకీకి రోజూ నూనె పట్టిస్తాడు. మీ ఇంట్లో ఉందా అని నన్ను అడిగాడు. స్టేషన్లో ఉందన్నాను.

"బందూక్ మాఫీ, రిజ్జాల్ మాఫీ," అని నవ్వాడు. తుపాకీ లేని ఇంట్లో మగాడు లేనట్టేనట. ఈ మగాడు కోళ్ళగూట్లో పిల్లి దూరితే నన్ను కేకేస్తాడు.

కొడుకు, అదే మా యజమాని, పట్నం మనిషి. ఇంటికి కెమెరాలుండగా ఆ ఇనుప ముక్క ఎందుకని దారంతా తండ్రిని ఎగతాళి చేస్తాడు. తోట చేరగానే దాన్నే భుజాన పెట్టుకుని నాచేత ఫోటో తీయిస్తాడు.

మన నాయన మాత్రం తక్కువ తిన్నాడా? అడవిపందుల కోసమని లైసెన్సు తెచ్చాడు. ఒక్క పందీ పడలేదు. అవి శనక్కాయ తిని, ఆయన పేల్చిన చప్పుడు విని, తీరిగ్గా వెళ్ళేవి.

ఆయన గురి తగిలింది ఒక్కసారే. నీకెప్పుడూ చెప్పలేదు. నాకు పదహారేళ్ళప్పుడు నాయనతో చేను కావలికి వెళ్ళి, తెల్లవారుజామున గట్టు వెనక దొడ్డికి కూర్చున్నాను. పంది కదిలిందనుకుని పేల్చాడు. నన్ను ఎత్తుకుని పరుగెత్తుతూ ఏడ్చాడు.

"యాడా సెప్పాకురా, లైసెన్సు పీకేస్తారు."

కొడుకు పోతాడని కాదురా, లైసెన్సు పోతుందని. ముళ్ళకంచె మీద పడ్డానని అమ్మకు చెప్పాం. ఇక్కడికి వచ్చేముందు మెడికల్ ఎక్స్‌రేలో నా కుడి భుజంలో సీసపు గుండు కనబడింది. డాక్టరు ఇదేమిటని అడిగితే సిగ్గుతో చచ్చిపోయాను. నువ్వు సంతకం పెట్టమన్నది ఆ చేత్తోనే.

పెట్టను. కాగితం అలాగే తిప్పి పంపుతున్నాను. ఆ తుపాకీని స్టేషన్లోనే తుప్పు పట్టనీ. చేనుకు సోలార్ కంచె వేయించు, దానికి డబ్బు నేను పంపుతాను. భుజం సంగతి మాత్రం అమ్మకు చదివి వినిపించకు.

అమ్మ పాదాలకు నా దండాలు, చిన్నాయనకు నమస్కారాలు. నీ పెద్దోడు ఇప్పుడు కావలికి వెళ్తున్నాడని రాశావు. వాడికి నా దీవెనలు. తెల్లవారుజామున గట్టు వెనక కూర్చునేటప్పుడు గట్టిగా దగ్గమని చెప్పు. పక్క చేలవాళ్ళకు ఇంకా తుపాకులున్నాయి.

ఇట్లు,
నీ అన్న
రామాంజి