పసుపు పూసిన నంబరు

నందిగామ,
బుధవారం మధ్యాహ్నం.

రత్నమణికి,

ప్రభువు దయ వల్ల నేను బాగానే ఉన్నాను. కోదాడలో నువ్వు, అమ్మాయి రోజారమణి, పాప చల్లగా ఉన్నారని తలుస్తాను. అక్షరాలు వంకరపోయాయని జ్వరమొచ్చిందనుకోకు. గేటు దగ్గర నుదుటికి పెట్టే గన్నుతో నాకు నేనే చూసుకుంటున్నాను. జ్వరం లేదు, చెయ్యి వణుకుతోంది, అంతే. ఎందుకో కింద రాస్తాను. ఫోన్లో అయితే "బానే ఉన్నా" తప్ప నా నోటికి ఇంకో మాట రాదు.

నీ ఉత్తరంలో అడిగినవాటికి జవాబు. బీపీ బిళ్ల వేసుకుంటున్నాను. ఊళ్లో కోళ్లను పక్కింటి జాయిస్ చూస్తోంది, గుడ్లు కూడా తనే చూసుకుంటోంది. గరికపాడు చెక్‌పోస్టులో పాస్ లేనిదే వదలటం లేదంటున్నారు, తొందరపడి బయల్దేరకు. పాపకి జెరూషా అని పెట్టటం నాకు నచ్చింది. పుష్పవతమ్మగారు ఎలా ఉన్నారని అడిగావు. ఆ సంగతి రాయాలంటే ముందు గేటు సంగతి రాయాలి.

నువ్వు ఆవిడ దగ్గర వంట చేసినప్పుడు ఉన్న ఇనప గేటు ఇప్పుడు లేదు. నువ్వు వెళ్లాక అపార్ట్‌మెంట్‌కి అడ్డకర్ర గేటు పెట్టారు. కెమెరా కారు నంబరు చదువుతుంది. రాసిపెట్టుకున్న నంబరైతే కర్ర దానంతటదే లేస్తుంది. కరోనా కదా, బయటి బండి ఏదీ లోపలికి రాకూడదని రూలు. మేం చుట్టాల బళ్లను వదులుతున్నామని నా వాచ్‌మన్ గదిలో ఉండే బటన్ కూడా పీకేశారు. ఇప్పుడు కెమెరా ఎత్తాలి, లేదంటే సెక్రటరీగారు ఫోన్లోంచి ఎత్తాలి. చక్రాలకి మందు కొట్టటం ఒక్కటే నా పని.

అమ్మగారి అబ్బాయి నవీన్‌బాబు పాత కారు ఒకటి కొన్నాడు. మందుల షాపు వాడు కదా, ఈ రోజుల్లో అద్దె బండి ఎక్కటానికి భయం. వేదాద్రి తీసుకెళ్లి గుడి బయటే పూజ చేయించుకొచ్చారు. అమ్మగారు తన చేత్తో ముందూ వెనకా పసుపు మెత్తి బొట్లు పెట్టింది, నంబరు పలక మీద కూడా. కెమెరాకి నంబరు కనపడలేదు, కర్ర లేవలేదు. తుడవనా బాబూ అన్నాను.

"ఇంకా నయం! అమ్మ పూసింది తుడిస్తే మనిద్దర్నీ ఇంట్లోకి రానివ్వదు" అన్నాడు.

మందుల పెట్టె అట్ట చింపి, నల్లరంగుతో ఆ నంబరు పెద్దగా రాసి కెమెరాకి చూపించాను. కర్ర లేచింది. "మామూలోడివి కాదయ్యా జీవరత్నం" అని నవ్వాడు. అప్పట్నించి ఆ కారు వచ్చినా పోయినా నేను అట్ట పట్టుకుని నిలబడేవాణ్ణి.

ఇక మీ చెల్లి ఆదెమ్మ. కూరల ఆటో లోపలికి రానివ్వక దాని బేరం పోయింది. రోజూ గేటు బయట నిలబడి సతాయించేది. "బావా, కరోనా నాకా, నా తోటకూరకా? ఆ గన్ను దాని మీద కూడా పెట్టి చూడరాదా!" దాన్ని కనిపెట్టుకుని ఉండమని నువ్వూ రాశావు. ఒక రోజు ఆ అట్టే చూపించి ఆటోని లోపలికి వదిలాను. తర్వాత అలవాటైపోయింది. పైవాళ్లు కూరలు కొనుక్కుని సంతోషించారు తప్ప ఎవరూ అడగలేదు.

పోయిన నెల అమ్మగారికి జ్వరం పట్టుకుంది. ఒక పొద్దున ఆదెమ్మ లోపల కూరలు అమ్ముతుండగా మెకానిక్ వచ్చి గేటు పెట్టెలో ఏదో మార్చి పోయాడు. నాకేం చెప్పలేదు. ఆదెమ్మ వెళ్తానంటే అట్ట చూపించాను, ఆటో పోయింది. కాసేపటికే నవీన్‌బాబు వాళ్లమ్మను ఎత్తుకుని కిందికి పరిగెత్తుకొచ్చాడు. ఆవిడకి ఊపిరందటం లేదు. అంబులెన్సు దొరకలేదు. బెజవాడలో ఆక్సిజన్ మంచం ఒకటుందట, ఆలస్యమైతే వేరేవాళ్లకి ఇచ్చేస్తామన్నారట.

అట్ట చూపించాను. కర్ర లేవలేదు. మళ్లీ చూపించాను. గేటు పెట్టె తెర మీద ఎర్రగా అక్షరాలు వచ్చాయి. ఈ వాహనం లోపల లేదు అని.

"కారు ఇక్కడుంటే లేదంటుందేంట్రా! తియ్యవయ్యా జీవరత్నం, తియ్యి!" నవీన్‌బాబు స్టీరింగు మీద గుద్దుతున్నాడు. సెక్రటరీగారి ఫోను మోగుతోంది, ఎత్తటం లేదు.

లోపలున్న బండే బయటికి పోవాలి, బయటున్న బండే లోపలికి రావాలి అని ఆ పొద్దున పెట్టిన రూలట. ఆదెమ్మ ఆటోని నేను ఏ నంబరుతో పంపానో, ఆ నంబరు పోయినట్టే గేటు లెక్క. నాకు అక్కడ నిలబడే అర్థమైంది. వెనక సీట్లో అమ్మగారు నోరు తెరుచుకుని నన్నే చూస్తోంది. వేలెత్తి నా చేతిలో అట్ట వైపు చూపించింది. త్వరగా చెయ్యమంటోంది అనుకున్నాను.

అట్ట పడేసి, కర్ర కింద భుజం పెట్టి లేపాను. అంత బలం ఎక్కడిదో తెలీదు. కర్ర విరిగి అవతల పడింది. కారు పోయింది. నేను రోడ్డు మీదే కూర్చుండిపోయాను.

తర్వాత సెక్రటరీగారు నలుగురిలో నాకు శాలువా కప్పారు, ప్రాణం కాపాడానని. తప్పు మెకానిక్‌దని తేల్చి, అతన్ని ఇంక పనికి రావద్దన్నారు. నేను తల దించుకున్నాను. సిగ్గుపడుతున్నాననుకున్నారు. ఆదెమ్మకి కూడా చెప్పలేదు, రావద్దన్నాను అంతే.

ఇవాళ పొద్దున అమ్మగారు ఆసుపత్రి నుంచి వచ్చింది. కంగారు పడకు, బతికింది, చిక్కి సగమైంది. గేటు దగ్గర అద్దం దించింది. నవీన్‌బాబు కారు అక్కడే ఆపి, సామాన్లు పైన పెట్టి రావటానికి వెళ్లాడు.

"రత్నమణి ఎప్పుడొస్తుంది?" అంది.

దారులు తెరవగానే అన్నాను.

"ఆదెమ్మ ఆటో రావటం లేదేం? ఆ రోజు గోంగూర బుట్టలో వేసి పైకి పంపింది, తినకుండానే పోయా. బాల్కనీలో కూర్చుని చూస్తూనే ఉన్నా, నువ్వు అట్ట పట్టుకుని దాన్ని పంపటం."

అంటే కారులో ఆవిడ వేలు చూపించింది అందుకు. కర్ర ఎందుకు లేవలేదో ఆవిడకి తెలుసు.

"అప్పుడే చెప్పలేదేమ్మా?" అన్నాను. నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో తెలీదు.

"ఊపిరేదయ్యా చెప్పటానికి?" అని నవ్వింది, దగ్గొచ్చింది. దగ్గు ఆగాక, "ఊపిరొచ్చాక చెప్పబుద్ధి కాలేదు" అంది. అద్దం ఎత్తేసుకుంది.

అప్పట్నించీ ఈ వణుకు. తిట్టినా బాగుండేది. నా వల్ల ప్రాణం పోబోయిన మనిషి నా గుట్టు దాచి కూర్చుంది. ఆ మెకానిక్ ఎక్కడ పని వెతుక్కుంటున్నాడో. శాలువా పెట్టె అడుగున పెట్టాను, ముట్టుకోవటానికి చెయ్యి రావటం లేదు.

రేపు పొద్దున నవీన్‌బాబు షాపుకి వెళ్లేటప్పుడు కారు ఆపి చెప్తాను. తర్వాత సెక్రటరీగారికి. పని పోతే ఊరెళ్లి కోళ్లను నేనే చూసుకుంటాను. నాకు మాట పెగలదని నీకు తెలుసు కదా. మొదట్నించి చివరిదాకా చెప్పగలనో లేదోనని ముందు నీకు రాసి చూసుకున్నాను.

పాపకి నా ముద్దులు.

ఇట్లు,
జెరూషా తాతయ్య.