దుర్గ ఎడమ కన్ను

1988 ఆగస్టు, మంగళవారం, నిజాంపట్నం

సాయంత్రం పల్లెపాలెంలో పిల్లల కళ్ళు పరీక్షించాను. నాలుగేళ్ళ దుర్గకు బిస్కెట్ ఇస్తే గాలిలో తడుముకుంది.

"పొద్దుగూకితే గోడలకి గుద్దుకుంటదండి. దుడుకు పిల్లనుకున్నాం" అంది వాళ్ళమ్మ నాగమ్మ.

రేచీకటి. ఎడమ కంట్లో తెల్లమచ్చ కూడా వచ్చేసింది. విటమిన్ ఏ మందు నోట్లో పోసి, రేపు తెనాలి పెద్దాసుపత్రికి నేనే తీసుకెళ్తానన్నాను.

"మీరు రాబట్టి తెలిసిందండి నర్సమ్మగారూ" అంటూ నాగమ్మ నా చేతులు పట్టుకుంది.

పోయిన విడత ఇదే మందు పోయడానికి వెళ్ళినప్పుడు దుర్గ నిద్రపోతోంది. మళ్ళీ వద్దామనుకుని రిజిస్టరులో మాత్రం పోసినట్టు టిక్కు పెట్టేశాను. మళ్ళీ వెళ్ళలేదు.

రేపు తెనాలి దాకా నాగమ్మ బస్సులో నా పక్కనే కూర్చుంటుంది. చెప్పాలి. చెబితే ఆ పాలెంలో ఇంకెవరైనా నా చేత పిల్లలకు మందు పోయించుకుంటారా...