కడగకుండానే తెల్లగా

ఉప్పల్, ఫిబ్రవరి 12. చలి తగ్గింది, కొట్టం ఊడ్చాను.

సక్కుబాయక్కకు, నా పని పోలేదు, బెంగపడకు. పడకకు వరిగడ్డి పరిస్తే మా తెల్ల పెళ్లిగుర్రం సగం తినేసి, మిగిలినదాన్ని లద్దితో కలిపి అందులోనే పొర్లి, పొద్దున ఒళ్లంతా పసుపు మరకలతో లేచేది.

"పెండ్లిగుర్రమా, పసుపు పూసిన బర్రెనా? ఇంకోసారి గిట్ల లేస్తే దీన్ని అమ్ముత, నువ్వు ఊరికి పో" అన్నాడు యజమాని నాగేందర్.

మల్లాపూర్‌లో ఒక వడ్రంగి, రందతో చెక్కను నున్నగా చేయగా రాలిన పొట్టును ఊరికే ఇచ్చాడు. దుమ్ము జల్లించి గడ్డికి బదులు మందంగా పరిచాను. ఈ పొద్దున గుర్రం మల్లెపువ్వులా లేచింది.

"ఎప్పుడు కడిగినవ్‌రా?"

"కడగనే లేదన్నా!"

నాగేందర్ దాని డొక్క వాసన చూసి, నవ్వి, రేపటి పెళ్లి ఊరేగింపు బరాత్‌కు కూడా ఒప్పుకున్నాడు.

పొట్టు తేవడానికి పాత గోనెసంచులు పంపు. నీ మోకాలు నొప్పి ఎలా ఉంది? బావకు నమస్కారాలు, పిల్లలకు దీవెనలు. ఇవాళ్టి పెళ్లి బ్యాండు వాళ్లు పిలుస్తున్నారు, నీళ్ల తొట్టి ఇంకా నింపాలి, ఉంటాను.