తుంగ పక్కన చోటు

మహబూబ్‌నగర్, ఆదివారం

ఎవరి పక్షమూ పట్టకుండా మర్యాదగా బతకవచ్చా? కాలేజీ రోజుల నుంచీ ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

ఏడాది పొడుగునా నెలకొక ఆదివారం చెరువు మీద సాగిన క్లబ్బు గాలాల పోటీ ఈ రోజుతో ముగిసింది. ఎవరు ఎక్కడ కూర్చోవాలో చీటీలు పంచేది ఎప్పుడూ నేనే. పొద్దున బయల్దేరుతుంటే మా ఇంట్లో పనిచేసే మల్లమ్మ నా కాళ్లు పట్టుకుంది.

"అమ్మా, నా కొడుకు కమ్యూనిస్టు సంఘపోడని మిలిట్రోళ్లు ఎతుకుతున్నరు. చెర్ల తుంగల పండుకున్నడు, జరం. గా దిక్కు ఎవ్వల్ని రానియ్యకు."

ఆ తుంగగడ్డి పక్క చోటు చీటీని వేళ్ల సందున దాచి, చూపు ఆనని డాక్టరు గారికిచ్చాను. చేపలు బాగా పడే చోటు అదే. అది దక్కక మావారు కప్పు పోగొట్టుకున్నారు.

"నా నసీబు చూడు! మంచి జాగ పోయి డాక్టర్ సాబ్‌కు వచ్చె. ఆయనకు నీళ్లల్ల గాలం బెండే కనవడదు," అని దారంతా ఒకటే గొణుగుడు.

అంతకుముందు చేపల తూకాల దగ్గర డాక్టరు గారు నా పక్కకు వచ్చారు. "తుంగల ఒక చేప దగ్గుతాందమ్మా," అని నవ్వి, మాత్రల పొట్లం నా చేతిలో పెట్టారు. ఆయన చెవులు బాగానే పనిచేస్తాయని నాకు తట్టనే లేదు.

రోజూ సాయంత్రం ఆయన పేకాడేది పోలీసు అమీన్‌తోనే. పొట్లం మల్లమ్మకిస్తే, తుంగలో ఎవరున్నారో నాకు తెలుసని ఒప్పుకున్నట్టే. ఇవ్వకపోతే ఆ జ్వరం తగ్గేదెలా? ఆయనది దయో, ఎరో.

పొట్లం నా దిండు కింద ఉంది. ఇవ్వాలో పారెయ్యాలో నాకు తేలడం లేదు.