ఫోటోలో లేని మనిషి

అక్కయ్యకు,

నేను క్షేమమే. నీ మోకాలి సంగతి రాయలేదేం?

కొత్త రోడ్డు కట్ట పక్కన కూలిన పెంకుటింటి ఫోటో గుర్తుందా, మా పత్రికలో వేశాను, అందరూ మెచ్చుకున్నారు. కట్ట పోశాక వాననీళ్ళు ఇంట్లోకి మళ్ళి, ఆ ఇంటావిడ క్వారీ షెడ్డులో తలదాచుకుంటోంది. అయినా వారం వారం వచ్చి వాకిలి ఊడ్చి పోతుంది. ఆమెకు బదులు ఇల్లివ్వాలా వద్దా అనే విచారణ నిన్న జరిగింది, ఆమె తరఫున నేనూ వెళ్ళాను. అధికారి నా ఫోటోనే నా ముందు పెట్టి, "ఇందులో మనిషి జాడ ఏదండీ? వదిలేసిన ఇల్లని మీరే చూపించారుగా" అన్నాడు. ఒళ్ళు మండింది. ఇంట్లోకి నీళ్ళు తోలి, ఆమే వదిలేసిందంటారా అని గొంతు చించుకున్నాను. కానీ అక్కా, ఫోటో తీసిన రోజు ఆవిడతో "కాస్త పక్కకు తప్పుకోమ్మా" అన్నది నేనే. ఖాళీ ఇల్లయితే చూసేవాళ్ళ గుండె కలుక్కుమంటుందనుకున్నాను.

మీ ఇంట్లో ఉన్న నా ఇనప్పెట్టెలో, నీలం కవరులో ఆ రీలు నెగెటివులున్నాయి. మొదటిదాంట్లో ఆవిడ చీపురుతో గుమ్మంలో ఉంటుంది. వెంటనే రిజిస్టరు పోస్టులో పంపు. ఇరవయ్యో తేదీన మళ్ళీ విచారణ. తాళం బావ దగ్గరుంది. నా రాజకీయాల మీద ఉపన్యాసం ఇచ్చాకే తాళం ఇస్తాడు, ఈ ఒక్కసారికి విను. వంటింటి కొళాయి కారడం ఆగిందా? పిల్లలకు ముద్దులు.

ఇవాళ మళ్ళీ అక్కడికి వెళ్ళి కెమెరా తీశాను. నేనేమీ అనకముందే ఆవిడ చీపురు పట్టుకుని పక్కకు తప్పుకుంది.

నీ తమ్ముడు