గల్లీలో బీరువా

మే 1986, మంగళవారం, రాయపూర్

రెండుసార్లు స్నానం చేసినా ఒంటి మీద పొగ వాసన పోలేదు.

సాయంత్రం గుఢియారీలో ఒక ఇల్లు అంటుకుందని ఫోను వస్తే ఫైరింజను వేసుకుని వెళ్లాం. గల్లీ మొదట్లోనే ఆగిపోయాం. ఆ ఇంటివాళ్లు సామాను బయటికి మోసి గల్లీ నిండా పేర్చారు. మంచాలు, కూలరు, అడ్డంగా పెద్ద ఇనప బీరువా. ఎక్కడ నిప్పంటుకున్నా ఇదే తంతు. "హటావ్ భయ్యా, హటావ్!" అని అరుస్తూ నేను బీరువాని తోయబోతే ఇంటాయన పరుగెత్తుకొచ్చాడు. మన తెలుగాయనే, రైల్వే ఉద్యోగి.

"నెమ్మది బాబూ, గీతలు పడతాయి" అన్నాడు.

వాళ్ల నాన్న అప్పటికింకా వెనక గదిలోనే ఉన్నాడు. పెద్దాయన్ని ఇంకెవరో తెచ్చే ఉంటారని ఇంట్లో ప్రతివాళ్లూ అనుకున్నారు. బీరువా పక్కకి లాగి, పైపు మోసుకుంటూ వెళ్లి ఆయన్ని బయటికి తెచ్చాం. ఊపిరి ఉంది. ఆసుపత్రి నుంచి ఇంకా కబురు లేదు.

అన్నం తింటూ పార్వతికి చెప్పాను. "మనింట్లో నిప్పంటుకుంటే ఏదీ ముట్టుకోకు. పిల్లల్ని పట్టుకుని బయటికి వచ్చేయ్."

"అలాగేనండీ" అంది.

నేను చెయ్యి కడుక్కొచ్చేసరికి కుట్టుమిషను వాకిలి తలుపు దగ్గరికి జరిపేసింది.

"ఇక్కడుంటే తియ్యడానికి వీలవుద్ది కదండీ" అంది.

అందరూ పడుకున్నారు. మిషను ఇంకా తలుపుకి అడ్డంగానే ఉంది. లేచి జరపాలి. కాళ్లు కదలడం లేదు.